తిననివాళ్ల లెక్క

1995లో దక్కన్ పీఠభూమి పల్లెల్లో కోతకొచ్చిన పంట మీద అకాల వర్షాలు పడ్డాయి. జొన్న కంకులు తడిసి నల్లబడ్డాయి. మొక్కజొన్న పొత్తులకు బూజు పట్టింది. జొన్న రొట్టె మీద బతికే ఇంట్లో ఏడాది గింజలు తడిశాయని పారబోయడం జరిగే పని కాదు. ఉన్నవాటినే ఎండబెట్టి, పిండి పట్టించి తిన్నారు. కొద్ది రోజులకే ఆ ఊళ్లలో జనానికి కడుపునొప్పి, పేగుల్లో గడగడలు, విరేచనాలు పట్టుకున్నాయి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి రమేష్ వి. భట్ బృందం ఆ పల్లెలకు వెళ్లింది. 50 గ్రామాలు చూస్తే 27 గ్రామాల్లో జబ్బు కనిపించింది. ఇలాంటి వార్త వినగానే ఎవరి మనసైనా నీళ్ల మీదికి పోతుంది. ఊరంతటికీ విరేచనాలంటే బావినో బోరునో అనుమానించడం తప్పు కూడా కాదు. ఈ బృందం మాత్రం ఇల్లిల్లూ తిరిగింది. జబ్బుపడిన ఇళ్లకు ఎలా వెళ్లిందో, జబ్బుపడని ఇళ్లకూ అలాగే వెళ్లింది. వానకు తడిసి బూజుపట్టిన గింజలు తిన్న ఇళ్లలోనే, తిన్న మనుషుల్లోనే జబ్బు ఉందని అలా తేలింది. ఒకే ఊళ్లో, పక్కపక్క ఇళ్లలో ఒకరికి జబ్బు ఉండి ఇంకొకరికి లేకపోతే, ఇద్దరూ తాగే నీళ్లను తప్పుబట్టడం కష్టం. ఇద్దరి గింజలు మాత్రం వేరు.

తర్వాత ప్రయోగశాల పని మొదలైంది. బాధిత ఇళ్ల నుంచి తెచ్చిన 20 జొన్న నమూనాల్లో, 12 మొక్కజొన్న నమూనాల్లో ఒక్కటీ మినహాయింపు లేకుండా ఫ్యుమోనిసిన్ బి1 అనే విషం దొరికింది. ఫ్యూజేరియం జాతి బూజు తయారుచేసే విషం అది. జొన్నల్లో కిలోకు 0.14 నుంచి 7.8 మిల్లీగ్రాముల దాకా, మొక్కజొన్నల్లో 0.25 నుంచి 64.7 దాకా ఉంది. జబ్బులేని ఇళ్ల గింజల్లోనూ అదే విషం ఉంది, కానీ చాలా తక్కువ. జొన్నల్లో ఎక్కువలో ఎక్కువ 0.36, మొక్కజొన్నల్లో 0.24. బాధిత ఇళ్ల గింజలు ఒక్కరోజు వయసున్న కోడిపిల్లలకు వేస్తే వాటికీ విరేచనాలు పట్టుకున్నాయి.

ఈ అంకెల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 64.7 కాదు, 0.36. జబ్బుపడని ఇంటి గింజలు కూడా పరీక్షకు తీసుకెళ్లకపోతే ఆ అంకె ఉండేది కాదు. అప్పుడు 7.8 అనేది ఎక్కువో తక్కువో చెప్పడానికి ఆధారమూ ఉండేది కాదు. కలుషితాహారం మూలాన్ని వెతికే గణాంక పద్ధతులన్నీ ఈ ఒక్క పని చుట్టూ పెరిగినవే. బాగున్నవాళ్లను కూడా అడగాలి.

జొన్న రొట్టె ఇప్పటికీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లలో ఉంది. కానీ ఈ జిల్లాల్లో ఆహారం వికటించిన వార్తలు ఇప్పుడు ఎక్కువగా హాస్టళ్ల నుంచి, బడుల నుంచి వస్తున్నాయి. 2024 నవంబరు 20న పక్కనే ఉన్న నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు పదుల సంఖ్యలో ఆసుపత్రి పాలయ్యారు. వారం తిరక్కముందే, 26న, అదే బడిలో మళ్లీ అదే జరిగింది. హైకోర్టు ప్రభుత్వాన్ని నిలదీసింది. 2025 జులైలో నాగర్‌కర్నూల్ దగ్గర ఉయ్యాలవాడ బాలికల గురుకులం, అదే ఏడాది అక్టోబరు చివర గద్వాల జిల్లా ధర్మవరం బీసీ హాస్టల్ వార్తల్లోకి వచ్చాయి. ఇలా జరిగిన ప్రతిసారీ ఎంతమంది జబ్బుపడ్డారన్న అంకె మొదటి పేజీకి వస్తుంది. ఎంతమంది తిన్నారు, తిన్నవాళ్లలో ఎంతమంది బాగున్నారు, తిననివాళ్లు ఏమయ్యారు అన్న అంకెలు ఎక్కడా కనిపించవు. దోషి దొరికేది ఆ కనిపించని అంకెల్లోనే.

ఎలాగో చూడటానికి ఒక హాస్టల్‌ను ఊహించుకుందాం. ఇందులోని అంకెలన్నీ లెక్క కోసం కల్పించినవి. 120 మంది పిల్లలు. పండుగ రోజు కాబట్టి రాత్రి అన్నం, పప్పుతో పాటు మిర్చి బజ్జీలు, సేమ్యా పాయసం. పాయసం మధ్యాహ్నమే వండి గంజులో ఉంచారు. అందరికీ చాలలేదు, ముందు కూర్చున్న పంక్తులకే అందింది. తెల్లారేసరికి 40 మందికి వాంతులు, విరేచనాలు.

ఆసుపత్రి మంచాల దగ్గరికి వెళ్లి ఏం తిన్నారని అడిగితే 40 మందిలో 38 మంది అన్నం అన్నారు, 36 మంది పప్పు అన్నారు, 30 మంది పాయసం అన్నారు. ఇక్కడితో ఆగితే అన్నమే ముద్దాయి. బియ్యం బస్తాలు పట్టుకుపోతారు, వంటమనిషిని మానిపిస్తారు.

ఇప్పుడు హాస్టల్లో బాగున్న 80 మందిని అడుగుదాం. వాళ్లలో 76 మంది అన్నం తిన్నారు. అంటే మొత్తం అన్నం తిన్నవాళ్లు 114, వాళ్లలో జబ్బుపడింది 38, మూడో వంతు. అన్నం ముట్టనివాళ్లు 6గురు, వాళ్లలో ఇద్దరికి జబ్బు, అదీ మూడో వంతే. తిన్నా తినకపోయినా ముప్పు ఒకటే కాబట్టి అన్నం నిర్దోషి. పాయసం సంగతి వేరు. తిన్న 50 మందిలో 30 మందికి జబ్బు, 60 శాతం. తినని 70 మందిలో 10 మందికి, 14 శాతం. మొదటి శాతాన్ని రెండోదానితో భాగిస్తే 4.2 వస్తుంది. దీన్ని రిస్క్ రేషియో అంటారు. పాయసం తిన్నవాళ్లకు ముప్పు నాలుగు రెట్లు పెరిగిందని అర్థం.

ఎక్కువమంది రోగులు తిన్న పదార్థం కన్నా, తిన్నవాళ్లనూ తిననివాళ్లనూ వేరుచేసి చూపించే పదార్థమే దోషి. అందరూ తినే అన్నం ఏ జాబితాలోనైనా పైన ఉంటుంది. అది పైన ఉండటానికి జబ్బుతో సంబంధం అక్కర్లేదు.

బజ్జీల లెక్క మనల్ని కాస్త ఇబ్బంది పెడుతుంది. బజ్జీలు తిన్న 55 మందిలో 26 మందికి జబ్బు, 47 శాతం. తినని 65 మందిలో 14 మందికి, 21 శాతం పైచిలుకు. నిష్పత్తి 2.2. మరి బజ్జీలు కూడా నేరస్థులేనా? ముందు పంక్తుల్లో కూర్చున్న పిల్లలకు పాయసమూ దొరికింది, బజ్జీలూ దొరికాయి. ఒకదాని నింద ఇంకోదాని మీద పడుతుండవచ్చు. దీన్ని విడదీయాలంటే పిల్లల్ని రెండు గుంపులు చేయాలి. పాయసం తిన్నవాళ్లను మాత్రమే చూస్తే, బజ్జీలు తిన్న 40 మందిలో 24 మందికి, తినని 10 మందిలో 6గురికి జబ్బు. రెండూ 60 శాతమే. పాయసం తిననివాళ్లలో బజ్జీలు తిన్న 15 మందిలో ఇద్దరికి, తినని 55 మందిలో 8 మందికి. ఇక్కడా దాదాపు సమానమే. బజ్జీల మీది అనుమానం పోయింది. ఇలా గుంపులుగా విడదీసి మళ్లీ ఒకే అంకెగా కలిపే పద్ధతిని నేథన్ మాంటెల్, విలియం హెంజెల్ 1959లో ఇచ్చారు. అరవై ఏళ్లు దాటినా ఇలాంటి దర్యాప్తుల్లో ఇప్పటికీ అదే వాడుతున్నారు.

ఈ లెక్కకు పాఠ్యపుస్తకంగా నిలిచిపోయిన నిజమైన ఘటన ఒకటుంది. 1940 ఏప్రిల్ 18న న్యూయార్క్ రాష్ట్రం ఆస్వీగో కౌంటీలో ఒక చర్చి విందు జరిగింది. 80 మంది హాజరు కాగా, 75 మందిని ప్రశ్నించారు. 46 మంది జబ్బుపడ్డారు. వెనిలా ఐస్‌క్రీం తిన్న 54 మందిలో 43 మందికి జబ్బు, తినని 21 మందిలో ముగ్గురికే. నిష్పత్తి 5.6. పంది మాంసం తిన్నవాళ్లలో 63 శాతం, తిననివాళ్లలో 59 శాతం, చెప్పుకోదగ్గ తేడా లేదు. చాక్లెట్ ఐస్‌క్రీం లెక్క మాత్రం తిరగబడింది. అది తిన్నవాళ్లలో 53 శాతం జబ్బుపడితే, తిననివాళ్లలో 74 శాతం పడ్డారు. చాక్లెట్ ఏదో మందులా పనిచేసిందని కాదు. దాన్ని ఎంచుకున్నవాళ్లలో చాలామంది వెనిలా జోలికి పోలేదు, అంతే.

వెనిలా తినకుండానే జబ్బుపడిన ఆ ముగ్గురి మాటేమిటి? రెండు ఐస్‌క్రీంల్లోనూ ఒకే గరిటె పెట్టి ఉండవచ్చు, తిన్న సంగతి మరిచిపోయి ఉండవచ్చు, వాళ్ల కడుపు ఇంకేదో కారణంతో చెడి ఉండవచ్చు. జనంలో లెక్క తీస్తే ఇలాంటివాళ్లు ఎప్పుడూ మిగులుతారు. ముగ్గురు తేడాగా కనిపించారని సిద్ధాంతాన్ని వదిలేయకూడదు, అలాగని వాళ్ల పేర్లు కొట్టేయనూ కూడదు.

ఇక కాకతాళీయం సంగతి. మన ఊహా హాస్టల్లో పాయసానికీ జబ్బుకూ ఏ సంబంధమూ లేకపోతే 40 మంది రోగుల్లో సుమారు 17 మంది పాయసం తిన్నవాళ్లు అయ్యుండాలి. మనకు కనిపించింది 30. ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం పది లక్షల్లో ఒకటి కన్నా తక్కువ. ఈ అవకాశాన్ని కై-స్క్వేర్ పరీక్షతో కొలుస్తారు. అంకెలు మరీ చిన్నవైతే రొనాల్డ్ ఫిషర్ ఇచ్చిన కచ్చిత పరీక్ష వాడతారు. ఈ కథలో ఒక తెలుగువాడూ ఉన్నాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా మీదుగా కేంబ్రిడ్జి చేరి, ఫిషర్ దగ్గరే పరిశోధన చేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచానికి సి.ఆర్. రావు, 1948లో స్కోర్ పరీక్ష అనే సాధారణ పద్ధతిని ప్రకటించారు. తిన్నవాళ్లు, తిననివాళ్లు, జబ్బు, ఆరోగ్యం అంటూ నాలుగు గళ్ల పట్టిక గీసి వేసే కై-స్క్వేర్ దాని ఒక రూపమే. హాస్టల్ వరండాలో కూర్చుని ఆ నాలుగు గళ్లు నింపే ఆరోగ్య కార్యకర్త చేతికి రావు గారి గణితం అలా చేరుతుంది.

ఒక జాగ్రత్త అవసరం. ఇరవై పదార్థాల గురించి అడిగితే, ఏ పాపం ఎరగని ఒక పదార్థం కేవలం యాదృచ్ఛికంగా దోషిలా కనిపించడం మామూలే. అందుకే అంకె ఒక్కటే చాలదు. జబ్బు ఎంతసేపటికి మొదలైందో దానితో సరిపోవాలి. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులంటే స్టెఫిలోకాకస్ విషమో, అన్నం, సేమ్యా లాంటి వాటిలో పెరిగే బాసిల్లస్ సీరియస్ విషమో అని అనుమానించాలి. సాల్మొనెల్లాకు 6 నుంచి 72 గంటలు పట్టవచ్చు. 2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న కొద్దిసేపటికే పిల్లలు కుప్పకూలడం మొదలుపెట్టారు. 23 మంది ప్రాణాలు పోయాయి. వంటలో కలిసింది మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు. అంత వేగంగా పనిచేసేది సూక్ష్మజీవి కాదని గడియారమే చెబుతుంది. జబ్బు ఎంతసేపటికి మొదలైందన్న ఈ లెక్కలో సగటు కన్నా మధ్యగతం నమ్మదగినది. రెండు రోజుల తర్వాత వేరే కారణంతో విరేచనాలైన ఒక్క పిల్లవాడు సగటును ఎటో లాక్కుపోగలడు.

హాస్టల్‌కు హాజరు పట్టిక ఉంటుంది కాబట్టి ఇదంతా సాధ్యమైంది. జాతరకు పట్టిక ఉండదు. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో సలేశ్వరం జాతరకు వెళ్లొచ్చిన జనం ఊళ్లకు చేరాక వాంతులతో ఆసుపత్రులకు వస్తున్నారనుకోండి. మొత్తం ఎంతమంది వెళ్లారో, ఎంతమంది ఏం తిన్నారో ఎవరికీ తెలియదు. శాతాలు కట్టడానికి కింద వేసే అంకే లేదు. అప్పుడు దర్యాప్తు వెనక నుంచి మొదలవుతుంది. 30 మంది రోగులను, జాతరకు వెళ్లీ బాగున్న 60 మందిని తీసుకుని ఒకే ప్రశ్నలు అడుగుతారు. రోగుల్లో 24 మంది చెరకు రసం తాగారు, 6గురు తాగలేదు. బాగున్నవాళ్లలో 18 మంది తాగారు, 42 మంది తాగలేదు. రోగుల్లో తాగినవాళ్లు తాగనివాళ్లకు నాలుగు రెట్లు, బాగున్నవాళ్లలో సగానికన్నా తక్కువ. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 9.3. దీని పేరు ఆడ్స్ రేషియో. జబ్బు అరుదైనప్పుడు ఇది రిస్క్ రేషియోకు దగ్గరగా వస్తుందని జెరోమ్ కార్న్‌ఫీల్డ్ 1951లో చూపించాక ఈ పద్ధతికి బలం వచ్చింది.

ఇందులో కష్టమంతా ఆ 60 మందిని ఎంచుకోవడంలో ఉంది. జాతరకే వెళ్లనివాళ్లను పోలికకు తీసుకుంటే, జాతరలో అమ్మిన ప్రతి వస్తువూ నేరస్థురాలిలా కనిపిస్తుంది. బొమ్మల దుకాణం కూడా. అదే దారిన, అదే రోజు, అదే ఊరి నుంచి వెళ్లినవాళ్లు కావాలి.

జ్ఞాపకం ఇంకో చిక్కు. 2011లో జర్మనీలో ఈ.కోలై ఓ104 అనే సూక్ష్మజీవి 3,800 మందికి పైగా జబ్బు తెచ్చి, 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. మొదట స్పెయిన్ దోసకాయలను నిందించారు. అక్కడి రైతులు పంటను పారబోసుకున్నారు. రోగులను అడిగితే టమాటా, దోసకాయ, ఆకుకూరలు అన్నారు. మొలకలు తిన్నట్టు చెప్పింది నాలుగో వంతు మందే. సలాడ్ పైన చల్లిన పిడికెడు మొలకలు ఎవరికి గుర్తుంటాయి? అప్పుడు పరిశోధకులు తినేవాళ్ల జ్ఞాపకాన్ని పక్కనపెట్టి వంటవాళ్ల దగ్గరికి వెళ్లారు. ఒకే రెస్టారెంట్‌లో తిన్న బృందాల బిల్లులు, ఫొటోలు తీసుకుని, ఎవరు ఏ వంటకం తెప్పించుకున్నారో చూసి, ఆ వంటకంలో ఏమేం వేస్తారో వంటగదిలో అడిగారు. పళ్లెంలోకి మొలకలు వచ్చినవాళ్లకు ముప్పు 14 రెట్లు. జబ్బుపడిన ప్రతి ఒక్కరి పళ్లెంలోనూ మొలకలు ఉన్నాయి. 41 చోట్ల కనిపించిన రోగుల గుంపులన్నీ సరఫరా దారి వెంట వెనక్కి వెళ్తే బీనెన్‌బ్యుటెల్ అనే ఊళ్లోని ఒకే తోటకు చేరాయి. అక్కడి నుంచి, ఆ మొలకలెత్తించిన ఈజిప్టు మెంతుల దాకా.

మెంతులు మన పోపుల పెట్టెలో ఉండేవే. ఈ కథ మన జిల్లాలకు ఇంకో రకంగానూ పనికొస్తుంది. ఒకే వారంలో మూడు వేర్వేరు హాస్టళ్లలో పిల్లలు జబ్బుపడితే, పిల్లల్ని అడిగే ప్రశ్నలతో పాటు స్టోర్‌రూమ్ పుస్తకాలు కూడా తెరవాలి. గుడ్లు ఎవరిచ్చారు, నూనె ఏ లారీలో వచ్చింది, పల్లీలు ఎక్కడివి. అదే సరుకు తీసుకుని బాగున్న హాస్టళ్ల పుస్తకాలు కూడా తెరవాలి. అప్పుడు ఒక్కో హాస్టల్ ఒక్కో మనిషిలా పట్టికలోకి వస్తుంది.

అయితే మన హాస్టళ్లలో అసలైన ఇబ్బంది ఇంకోటి ఉంది. అక్కడ అందరూ అన్నీ తింటారు. ఒక అన్నం, ఒక కూర, ఒక సాంబారు. తిననివాళ్లే లేకపోతే పోలిక ఎవరితో? ఇక్కడే చాలా దర్యాప్తులు చేతులెత్తేసి, నమూనాలు హైదరాబాద్ పంపి ఊరుకుంటాయి. ఆ నమూనా తీసేలోపు గిన్నెలు కడిగేసి ఉంటారు. కానీ అడగడం తెలిస్తే తేడాలు దొరుకుతాయి. కూర రెండు గంజుల్లో వండి ఉంటే, ఏ గంజు ఏ పంక్తికి వెళ్లింది? ఒక గరిటె వేయించుకున్నవాళ్లలో ఎంతమంది, రెండో గరిటె అడిగినవాళ్లలో ఎంతమంది? మోతాదు పెరిగేకొద్దీ జబ్బు శాతం మెట్లెక్కితే అది బలమైన సాక్ష్యం. ఏడు గంటలకు తిన్నవాళ్లకూ తొమ్మిదింటికి తిన్నవాళ్లకూ తేడా ఉందా? ఉంటే ఆ రెండు గంటలు కూర ఎక్కడ ఉంది? పిల్లలు బయట ఏమైనా కొనుక్కుని తిన్నారన్న మాట వస్తే దానికీ ఇదే పరీక్ష. బయట తిన్నవాళ్లు బాగున్న పిల్లల్లో ఎంతమంది?

ఈ ప్రశ్నలు వార్డెన్ అడగకూడదు. పాయసం రెండుసార్లు తిన్నానని వార్డెన్ ముందు ఏ పిల్లా ఒప్పుకోదు. అడిగేది బయటివాళ్లు కావాలి, రోగులకూ బాగున్నవాళ్లకూ ఒకే కాగితం కావాలి, మొదటి రోజే కావాలి. జబ్బు అంటే ఏమిటో కూడా ముందే రాసుకోవాలి. భోజనం తర్వాత ఇన్ని గంటల్లోపు ఒక్క వాంతి అయినా, మూడు విరేచనాలైనా అయి ఉండాలని. పక్క పిల్ల వాంతి చేసుకోవడం చూసి భయంతో కడుపు తిప్పినవాళ్లందరినీ రోగుల్లో కలిపేస్తే పాయసం లెక్కలో 60 శాతానికీ 14 శాతానికీ ఉన్న దూరం తగ్గి, నిజమైన దోషి కూడా ఆ గుంపులో కలిసిపోతుంది.

2004 నుంచి నడుస్తున్న సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం కింద ప్రతి జిల్లాకూ ఒక నిఘా విభాగం ఉండాలి. 2016లో పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపోయిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకూ ఇది వర్తిస్తుంది. వంద మంది పిల్లలున్న హాస్టల్లో ఇద్దరు మనుషులు, వంద కాగితాలు, ఒక సాయంత్రం ఉంటే ఈ లెక్కంతా పూర్తవుతుంది. కాగితం పైన పేరు, పంక్తి, తిన్న సమయం. కింద ఒక్కో పదార్థానికీ మూడు గళ్లు: తినలేదు, ఒకసారి, రెండుసార్లు. చివర రెండు గళ్లు: జబ్బు మొదలైన గంట, లేదా బాగుంది. ఆ చివరి గడిలో టిక్కు పెట్టిన కాగితాలను అవసరం లేదని పక్కన పడేయకుండా, మిగతావాటితో కలిపే లెక్కించాలి.